నెల్సన్ ఎడమచేతి రాత, నా దగ్గరున్న వెల్లింగ్టన్ ముక్క

1797 జూలై 24 రాత్రి ఎనిమిది గంటలకి, కానరీ దీవుల్లో స్పెయిన్ వాళ్ళ ఊరు శాంటా క్రూజ్ మీద దాడికి వచ్చి ఆగిన థీసియస్ ఓడలో కూర్చుని, ఇంగ్లీషు నౌకాదళ సేనాని హొరేషియో నెల్సన్ తన పై అధికారి జెర్విస్‌కి ఒక ఉత్తరం రాశాడు. రేపు నా తలమీద గెలిచినవాడికి పెట్టే లారెల్ ఆకులో, పోయినవాడికి పెట్టే సైప్రస్ కొమ్మలో ఉంటాయి అన్నాడు అందులో. కుడిచేత్తో అతను రాసిన ఆఖరి ఉత్తరం అదే. ఆ రాత్రి పడవ దిగుతుంటే మోచేతి పైన గుండు తగిలింది. భార్య మొదటి పెళ్ళి కొడుకు జొసయ్య నిస్బెట్ పక్కనే ఉండి, రక్తం ఆగేలా చెయ్యి బిగించి కట్టి, ఓడకి చేర్చాడు. ఓడ సర్జన్ ఆ చెయ్యి తీసేశాడు. 27వ తేదీన నెల్సన్ మళ్ళీ జెర్విస్‌కే ఉత్తరం రాశాడు, ఈసారి ఎడమచేత్తో.

ఆ రెండో ఉత్తరం కోసమే ఈ పోస్టు రాస్తున్నాను. దాని నకలు చూసే నాకు పాత ఉత్తరాలు పోగుచేసే పిచ్చి పట్టింది. నా స్నేహితులకి నేను భారమైపోయాను, దేశానికి పనికిరాకుండా పోయాను అని మొదలుపెడతాడు. ఆ వెంటనే తన సంగతి వదిలేసి జొసయ్యకి ప్రమోషన్ ఇవ్వమని అడుగుతాడు. ఈ మిగిలిన శరీరాన్ని ఇంగ్లండ్ చేర్చడానికి ఒక ఓడ ఇప్పించండి అంటాడు. సంతకం పెట్టాక కింద ఒక్క వాక్యం: నా గీతలు మన్నించాలి, ఇది నా మొదటి ప్రయత్నం.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. మాది రాజమండ్రి. ఇప్పుడు ఇంగ్లండులో పోర్ట్స్‌మత్‌లో ఉంటున్నాం. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినవాళ్ళకి ఎడమచేత్తో బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, సంతకం పెట్టడం నేర్పడం నా ఉద్యోగం. కాబట్టి ఆ ఉత్తరం చూడగానే అందులో ఏం జరుగుతోందో నాకు తెలిసింది. కొత్తగా ఎడమచేత్తో రాసేవాళ్ళు వేళ్ళతో రాయరు, భుజంతో రాస్తారు. అందుకే అక్షరాలు పెద్దవవుతాయి. కుడిచేతి రాతలో ఉండే వాలు పోయి నిటారుగా నిలబడతాయి. కలిపి రాయాల్సిన అక్షరాల మధ్య చెయ్యి ఆగి ఆగి వెళ్తుంది. పైగా నెల్సన్‌కి ఉన్న ఇబ్బంది మా పేషెంట్లలో చాలామందికి లేదు. వాళ్ళ కుడిచేతికి బలం లేకపోయినా, కనీసం కాగితం మీద బరువుగా పెట్టడానికి పనికొస్తుంది. ఇతనికి కాగితం కదలకుండా పట్టుకోవడానికి రెండో చెయ్యే లేదు. మేమైతే కింద జారని రబ్బరు మ్యాట్ వేస్తాం. ఊగే ఓడలో అతను ఏం పెట్టుకున్నాడో!

ఈకకలంతో ఇంకో చిక్కుంది. కుడిచెయ్యి కలాన్ని లాగుతుంది, ఎడమచెయ్యి నెడుతుంది. నెడితే పాళీ కాగితంలో గుచ్చుకుంటుంది, సిరా చిమ్ముతుంది. ఇప్పుడే రాసిన తడి అక్షరాల మీదుగా చెయ్యి జరగాలి. ఇన్ని ఉన్నా ఆ మనిషి ఒక పేజీ పూర్తి చేశాడు. చెయ్యి తీసేసి మూడు రోజులు కూడా కాలేదు. మా వార్డులో ఆరోగ్యం కుదుటపడ్డవాళ్ళు కూడా మొదట్లో నాలుగు అక్షరాలు రాసి పెన్ను పక్కన పడేస్తారు, కోపంతోనో ఏడుపుతోనో. ఆ కోపం, ఆ ఏడుపు రెండూ ఆ ఉత్తరంలో ఉన్నాయి. అయినా పేజీ నిండింది.

దానికి ముందు రోజు, 26న, ఇంకో కాగితం ఉంది. శాంటా క్రూజ్‌ని కాపాడి ఇతన్ని ఓడించిన స్పానిష్ సేనాని గుతియెరెజ్‌కి పంపిన ఉత్తరం. ఓడిపోయిన ఇంగ్లీషు సైనికుల్ని, గాయపడ్డవాళ్ళని అతను మర్యాదగా చూసుకున్నాడు. దానికి కృతజ్ఞతగా నెల్సన్ ఒక పీపా బీరు, ఒక చీజ్ పంపుతూ రాయించిన ఉత్తరం అది. ఉత్తరమంతా వేరేవాళ్ళ దస్తూరి, కింద సంతకం మాత్రం ఎడమచేత్తో, వంకరటింకరగా. ఎడమచేత్తో పెట్టిన మొదటి సంతకం అదే అంటారు. గుతియెరెజ్ తిరిగి వైన్ పంపాడు. శత్రువుల మధ్య ఇలాంటి ఉత్తరాలు నడిచిన కాలం అది.

ఈ విషయాలన్నీ నాకు పరిచయం చేసింది నా పేషెంటు ఒకాయన. నేవీలో రిటైరయ్యి, స్ట్రోక్ వచ్చి మా దగ్గరికి వచ్చారు. ఎడమచేత్తో రాయనని మొండికేసేవారు. ఒకరోజు వాళ్ళమ్మాయి ఆ 27వ తేదీ ఉత్తరం జిరాక్స్ తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టింది. ఆయన చాలాసేపు చూసి, "నాకంటే ఘోరంగా రాశాడమ్మా" అన్నారు. ఆ తర్వాత పెన్ను పట్టుకున్నారు. నేను ఆ కాపీకి ఇంకో కాపీ తీసుకుని ఇంటికి తెచ్చాను. ఆ రాత్రి మా వారు భోజనానికి పిలుస్తున్నా లేవలేదు.

పోర్ట్స్‌మత్‌లో ఉంటే నెల్సన్ నుంచి తప్పించుకోలేం. ఆఖరి యుద్ధంలో ఆయన ఎక్కిన విక్టరీ ఓడ ఇక్కడే డాక్‌యార్డులో ఉంది. కానీ ఓడ చూస్తే నాకు కలగనిది ఉత్తరం చూస్తే కలిగింది. మెల్లగా పాత ఉత్తరాల మేళాలకి, వేలంపాటలు జరిగే చోట్లకి వెళ్ళడం మొదలుపెట్టాను.

అక్కడ మొదట నేర్చుకోవాల్సింది, ఒక ఉత్తరంలో ఎంత భాగం ఆ మనిషి చేతిది అన్నది. కేటలాగుల్లో ఏ.ఎల్.ఎస్. అని ఉంటే మొదటి అక్షరం నుంచి సంతకం దాకా తనే రాసింది. ఎల్.ఎస్. అని ఉంటే గుమాస్తా రాశాడు, ఈయన సంతకం పెట్టాడు. ధరలో తేడా చాలా ఎక్కువ. నెపోలియన్ అయితే దాదాపు అన్నీ చెప్పి రాయించినవే. ఆయన చేతిరాత ఆయన మనుషులకే అర్థమయ్యేది కాదు, ఆలోచన వెళ్ళే వేగానికి చెయ్యి అందేది కాదు. పారిస్‌లోని నెపోలియన్ ఫౌండేషన్ వాళ్ళు 2004 నుంచి 2018 దాకా పదిహేను సంపుటాల్లో నలభై వేల దాకా ఆయన ఉత్తరాలు అచ్చు వేశారు. అందులో పూర్తిగా స్వహస్తంతో రాసినవి చాలా తక్కువ. సంతకం మాత్రం ఆయన జీవితాన్ని మొత్తం చెప్పేస్తుంది. కుర్రతనంలో ఇటాలియన్ పద్ధతిలో బ్యూనపార్టె. 1796లో ఇటలీ దండయాత్ర నుంచి బోనపార్ట్. 1804లో చక్రవర్తి అయ్యాక నెపోలియన్. తర్వాత నాప్, ఎన్‌పి, చివరికి ఒక్క ఎన్ అక్షరం, దాని కింద ఒక గీత.

నెల్సన్ సంతకం కూడా అలాగే కాలాన్ని చెబుతుంది. 1798లో నైలు యుద్ధం గెలిచి లార్డ్ అయ్యేదాకా హొరేషియో నెల్సన్. తర్వాత ఉత్త నెల్సన్. నేపుల్స్ రాజు 1799లో బ్రాంటే డ్యూక్ బిరుదు ఇచ్చాక బ్రాంటే నెల్సన్. 1801 నుంచి చనిపోయేదాకా నెల్సన్ అండ్ బ్రాంటే. 1797 ఆగస్టు తేదీ వేసి, కుడివైపు అందంగా వాలిన రాత ఉందంటే అది దొంగ ఉత్తరం అని ఇంక చెప్పక్కర్లేదు.

నా జీతంతో నెల్సన్ ఉత్తరం కొనలేను. చిన్న చీటీ అయినా వేల పౌండ్లు. వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ అయితే ఫరవాలేదు. ఎందుకంటే ఆయన పెద్దవయసులో వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు రాసేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఏదో అడిగితే, ఫీల్డ్ మార్షల్ డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ మీకు నమస్కారాలు తెలియజేస్తున్నారు అని, తన గురించి తనే మూడో మనిషిలా మొదలుపెట్టి, ఆ పని తన వల్ల కాదని తిప్పికొట్టేవాడు. అలాంటి చీటీలు బజార్లో ఇప్పటికీ దొరుకుతాయి. 1809లో స్పెయిన్‌లో టలవెరా యుద్ధం తర్వాత బిరుదు వచ్చి వెల్లింగ్టన్ అని మొదటిసారి సంతకం పెట్టినప్పుడు, కింద పి.ఎస్. అని రాసి, ఈ కొత్త పేరుతో సంతకం పెట్టడం ఇదే మొదలు అని కూడా చేర్చాడు. నాకు చాలా ఇష్టమైన పి.ఎస్. అది. ఆ రోజు ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో ఆ మాటలో తెలుస్తుంది.

నా దగ్గర ఉన్నది అరచెయ్యంత ముక్క. దాన్ని ఫ్రీ ఫ్రంట్ అంటారు. పార్లమెంటు సభ్యులకీ లార్డులకీ ఒకప్పుడు పోస్టేజి ఉండేది కాదు. పై అడ్రసు పక్కన సంతకం పెడితే ఉత్తరం ఊరికే పోయేది. స్నేహితుల ఉత్తరాలకి కూడా సంతకాలు పెట్టి ఇచ్చేస్తున్నారని ప్రభుత్వం రూల్స్ బిగించింది. 1784 నుంచి ఊరు, తేదీ, అడ్రసు మొత్తం సభ్యుడే స్వయంగా రాయాలి. 1795 నుంచి రోజుకి పంపేవి పది, అందుకునేవి పదిహేను దాటకూడదు. 1840 జనవరి 10న ఆ సౌకర్యం మొత్తం ఎత్తేశారు.

నా ముక్క మీద పైన లండన్ అని, తేదీ, మధ్యలో అడ్రసు, ఎడమవైపు అడుగున వెల్లింగ్టన్ సంతకం ఉన్నాయి. ఎర్ర సిరాతో కిరీటం బొమ్మ ఉన్న గుండ్రటి ఫ్రీ ముద్ర. సిరా ఒకప్పుడు నల్లగా ఉండేది, ఇప్పుడు కాఫీ డికాషన్ రంగుకి తిరిగింది. సంతకంలో మొదటి అక్షరం దగ్గర పాళీ గట్టిగా ఆనింది, వెనక్కి తిప్పితే వేలికి తగులుతుంది.

వెనక్కి తిప్పితే ఇంకోటి కూడా కనిపిస్తుంది. అప్పట్లో కవర్లు వాడేవాళ్ళు కాదు. రాసిన కాగితాన్నే మడిచి, లక్క ముద్ర వేసి, పై మడత మీద అడ్రసు రాసేవాళ్ళు. అందుకని అడ్రసు ముక్క వెనక ఆ ఉత్తరంలోని కొన్ని మాటలు ఉంటాయి. నా ముక్క వెనక వేరే ఎవరిదో సన్నటి దస్తూరిలో సగం సగం లైన్లు ఉన్నాయి. డాక్టరు వచ్చి వెళ్ళాడని ఒకటి, జ్వరం అని ఒక మాట, గురువారం లోపల అని ఇంకోటి. జ్వరం ఎవరికో తెలియదు. గురువారానికి ఎవరు రావాలో తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆల్బమ్‌లలో సంతకాలు అంటించుకునే ఫ్యాషన్ ఉండేది. ఆ సంతకం కోసం ఎవరో కత్తెర తీసుకుని కత్తిరించి, మిగతాది పారేశారు. ఆ సగం లైన్లు చదివిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమంటుంది. సంతకాలు పోగుచెయ్యడం వేరు, ఉత్తరాలు పోగుచెయ్యడం వేరు అని నేను గట్టిగా అనేది అందుకే.

మన వైపు సంబంధం ఉన్న వెల్లింగ్టన్ ఉత్తరం ఒకటి సంపాదించాలని ఆశ. ఆయన ఇంకా ఆర్థర్ వెల్లెస్లీగా ఉన్నప్పుడు, 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్ళిన హైదరాబాదు నిజాం సైన్యం ఆయన అజమాయిషీలోనే నడిచింది. నిజాం తరఫున మీర్ ఆలం ఉన్నాడు. 1803 సెప్టెంబర్ 23న మరాఠాలతో అస్సాయే యుద్ధం. 1805లో తిరిగి వెళ్ళిపోయాడు. ఆ ఏళ్ళలో దక్కన్‌లో ఎద్దుల గురించి, బియ్యం గురించి, నదులు దాటడం గురించి ఆయన రాసినన్ని ఉత్తరాలు యుద్ధం గురించి కూడా రాయలేదేమో అనిపిస్తుంది. ఆ కాలం ఉత్తరం వేలానికి వస్తే పాట నాలాంటివాళ్ళకి అందకుండా పోతుంది. అదృష్టం ఏమిటంటే ఆయన కాగితాలు లక్ష దాకా 1983లో సౌతాంప్టన్ యూనివర్సిటీకి చేరాయి. మా ఇంటి నుంచి దగ్గరే. ముందుగా చెప్పి వెళ్తే చదువుకోవచ్చు.

దొంగ ఉత్తరాల సంగతి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. వ్రాన్-లూకా అనే ఫ్రెంచివాడు మిషెల్ షాల్ అనే పెద్ద గణిత శాస్త్రవేత్తకే వేలకొద్దీ దొంగ ఉత్తరాలు అమ్మాడు. క్లియోపాత్రా రాసినవి, అలెగ్జాండర్ రాసినవి, అన్నీ ఫ్రెంచిలో, అన్నీ కాగితం మీద. 1870లో జైలుకి వెళ్ళాడు. అంత చదువుకున్న మనిషి ఎలా నమ్మాడంటే, నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాడు. గురుత్వాకర్షణ ఇంగ్లీషువాడైన న్యూటన్ కంటే ముందు ఫ్రెంచివాడైన పాస్కల్ కనిపెట్టాడని చెప్పే ఉత్తరాలు ఆయనకి కావాలి, అవే దొరికాయి.

నేను చేసే పరీక్షలు చిన్నవే. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, తయారుచేసేటప్పుడే అందులో వేసిన గుర్తు, అంటే వాటర్‌మార్క్, కనిపిస్తుంది. 1794 తర్వాత పన్ను నిబంధనల వల్ల ఇంగ్లీషు మిల్లులు చాలావరకు వాటర్‌మార్క్‌లో సంవత్సరం వేసేవి. 1797 ఉత్తరం 1801 కాగితం మీద ఉండదు కదా. తర్వాత సిరా. మన పాతకాలం వాళ్ళు కరక్కాయ, అన్నభేది వేసి సిరా కాచినట్టే, అక్కడ మాచికాయ, అన్నభేది, తుమ్మజిగురు. అది కాగితంలోకి ఇంకుతుంది, ఏళ్ళు గడిస్తే కాగితాన్నే తినేస్తుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటేచోట భూతద్దం పెడితే సిరా చిక్కబడి కనిపిస్తుంది. అచ్చు వేసిన నకలులో అంతా ఒకే రంగు. చర్చిల్ కృతజ్ఞతలు చెబుతూ రాసినట్టుండే చీటీలు బోలెడు ఇళ్ళలో ఫ్రేము కట్టి ఉన్నాయి. అభినందనలు కుప్పలుగా వస్తుంటే ఆయన ఒకటి చేత్తో రాసి మిగతావి అచ్చు వేయించాడు. వాటిని అసలువే అనుకుని అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక డబ్బు. క్రెమ్లిన్‌ని పేల్చేస్తాను అని నెపోలియన్ 1812 అక్టోబర్ 20న సంకేత లిపిలో పంపిన ఉత్తరం 2012లో ఫ్రాన్స్‌లో 1,87,500 యూరోలకి పోయింది. పారిస్‌లోని ఒక ఉత్తరాల మ్యూజియం కొనుక్కుంది. ఆ మ్యూజియం వెనకున్న అరిస్టోఫిల్ కంపెనీ, ఉత్తరాల్లో వాటాలు అమ్మి పద్దెనిమిది వేల మంది దాకా డబ్బు పెట్టించి 2015లో మూతపడింది. 2017 నుంచి ఆ ఉత్తరాలన్నీ వేలానికి వచ్చాయి. ఉత్తరాన్ని చదవకుండా వాటాగా కొనడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

చదవడం ఎంత ముఖ్యమో చూపించినవాడు కాలిన్ వైట్. ఇక్కడి రాయల్ నేవల్ మ్యూజియంలో పనిచేసేవాడు. నెల్సన్ ఉత్తరాలన్నీ 1840లలోనే ఏడు సంపుటాలుగా అచ్చయిపోయాయని అందరూ అనుకునేవాళ్ళు. వైట్ పాత కాగితాలు దాచే ఆర్కైవ్‌లు, జనం సొంత కలెక్షన్లు వెతికి వెతికి, ఎప్పుడూ అచ్చు కానివి దాదాపు 1,300 ఉత్తరాలు బయటికి తీశాడు. అందులో ముఖ్యమైన ఐదు వందలు 2005లో పుస్తకంగా వచ్చాయి. ఎవరెవరి బీరువాల్లోనో ఉన్నవి, ఇంట్లోవాళ్ళు తలుపు తీశారు కాబట్టే బయటపడ్డాయి. ఉత్తరం కొన్నవాళ్ళు దాన్ని ఫొటో తీసి, ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసి, ఏదో ఒక ఆర్కైవ్‌కి పంపాలి. నేను మాట్లాడిన ప్రతి కలెక్టర్‌కీ ఇదే చెబుతాను. నా వెల్లింగ్టన్ ముక్క రెండు వైపులా ఫొటోలు, వెనక సగం లైన్లు అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసిన కాగితం సౌతాంప్టన్‌కి పంపాను.

ఎడమచేతి రాత గురించి ఇంత చెప్పి గాంధీగారి సంగతి వదిలెయ్యలేను. 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్తూ కిల్డోనన్ కాజిల్ ఓడలో హింద్ స్వరాజ్ రాశారు. మొత్తం 275 పేజీలు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో నలభై పేజీల దాకా రాశారు. ఆ పేజీలు చూస్తే రాత మారిన చోటు తెలుస్తుంది. హెర్మన్ కాలెన్‌బాక్‌ అనే స్నేహితుడి దగ్గర ఉండిపోయిన, గాంధీగారికి సంబంధించిన ఉత్తరాలు 2012లో లండన్‌లో వేలానికి వెళ్ళబోతుంటే, భారత ప్రభుత్వం ముందే మాట్లాడుకుని కొని ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌కి చేర్చింది.

మన ఊళ్ళలో ఇలాంటివి ఇంకా ఉంటాయని నా నమ్మకం. గుంటూరు, బందరు, కాకినాడ, రాజమండ్రి వైపు జైలుకి వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళు ఎన్ని లేవు! కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య, ప్రకాశం పంతులు లాంటివాళ్ళు రాసిన కార్డులు ట్రంకుపెట్టెల్లో అడుగున ఉండొచ్చు. పురాతన వస్తువుల గురించిన 1972 చట్టం ప్రకారం డెబ్భై ఐదేళ్ళు దాటిన, చరిత్ర విలువ ఉన్న రాతప్రతిని దేశం దాటించకూడదు, అది గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో ఉంటే దయచేసి లామినేషన్ చేయించకండి, వేడికి సిరా, కాగితం రెండూ పాడైపోతాయి. సెల్లోటేపు అంటించకండి. పిన్నులు ఉంటే మెల్లగా తీసెయ్యండి, తుప్పు పడుతుంది. మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, తేమ లేని చోట పడుకోబెట్టండి. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తియ్యండి, ఖాళీగా ఉన్న వైపు కూడా. ఎవరు ఎవరికి రాశారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి వేరే కాగితం మీద రాసి పెట్టండి, ఉత్తరం మీద మాత్రం రాయకండి. చదవడం కష్టమైన దస్తూరి ఏదైనా ఉంటే నాకు పంపండి. వంకర రాతలు చదవడం నా రోజువారీ పని. కూర్చుని చదువుతాను.